పుట్టీ ఏ కంప్యూటర్‌లో నడుస్తుంది, సర్వర్‌కు ఎలా కలపాలి, కలవకపోతే ఏం చూడాలి

క్లౌడ్‌లో మొదటి సర్వర్ తీసుకున్నవారు, శిక్షణ కేంద్రాల్లో లినక్స్ నేర్చుకుంటున్నవారు, రౌటర్లకు కన్సోల్ కేబుల్ తగిలించి పని చేసేవారు పుట్టీ గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. నా ల్యాప్‌టాప్‌కు ఏ ఫైల్ దించుకోవాలి? మ్యాక్‌లో, ఫోన్‌లో వస్తుందా? సర్వర్‌తో ఇచ్చిన పెమ్ ఫైల్‌ను (ప్రైవేట్ కీ ఉండే ఫైల్) ఎందుకు ఒప్పుకోవడం లేదు? నిన్న కలిసిన సర్వర్ ఈరోజు ఎందుకు కలవడం లేదు? వీటికి జవాబులను, పని జరిగే వరుసలోనే, ఇక్కడ ఇస్తున్నాను. దూరపు సర్వర్‌తో ఇతరులు చదవలేని విధంగా మాట్లాడే పద్ధతి పేరు ఎస్‌ఎస్‌హెచ్. దాని లోపల ఏం జరుగుతుందనే సిద్ధాంతం ఇందులో ఉండదు.

పుట్టీ అనేది దూరంలో ఉన్న కంప్యూటర్ టెర్మినల్‌ను, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీని, మీ తెర మీదకు తెచ్చే ఉచిత ప్రోగ్రాం. ఇంగ్లాండ్‌కు చెందిన సైమన్ టాథమ్ దీన్ని రాశారు. ఎంఐటీ లైసెన్స్ కింద వస్తుంది కనుక ఆఫీసులో వాడినా డబ్బు కట్టనక్కర లేదు.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవలసినవి

సర్వర్ ఐపీ చిరునామా లేదా పేరు, లాగిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లేదా ప్రైవేట్ కీ ఫైల్ (పాస్‌వర్డ్‌కు బదులు వాడే, మీ దగ్గరే ఉంచుకోవలసిన తాళంచెవి లాంటిది), పోర్ట్ సంఖ్య. పోర్ట్ సంఖ్య ఎవరూ ప్రత్యేకంగా చెప్పకపోతే అది 22 అనుకోవచ్చు. వీటిలో ఎక్కువమంది తడబడేది యూజర్‌నేమ్ దగ్గర. అమెజాన్ క్లౌడ్‌లో అమెజాన్ లినక్స్‌కు ‘ఈసీ2-యూజర్’, ఉబుంటుకు ‘ఉబుంటు’, డెబియన్‌కు ‘అడ్మిన్’ అనేవి ముందే పెట్టిన పేర్లు. మీ ఖాతా ఈమెయిల్‌ను గానీ, విండోస్‌లో మీ పేరును గానీ అక్కడ ఇస్తే లోపలికి వెళ్లలేరు.

ఏ యంత్రానికి ఏది

విండోస్‌కు అధికారికంగా 64 బిట్ ఎక్స్86, 64 బిట్ ఆర్మ్, 32 బిట్ ఎక్స్86 అనే రకాలు దొరుకుతాయి. మీది ఏదో తెలియాలంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ తెరిచి ‘సిస్టమ్ టైప్’ వరుస చదవండి. ‘ఎక్స్64 బేస్డ్ ప్రాసెసర్’ అని ఉంటే మొదటి రకం, ‘ఆర్మ్ బేస్డ్’ అని ఉంటే రెండో రకం తీసుకోవాలి. పొరపాటున 32 బిట్ దించుకున్నా నష్టమేమీ లేదు, అది 64 బిట్ విండోస్‌లోనూ నడుస్తుంది. కానీ 64 బిట్ ఫైల్ మాత్రం పాత 32 బిట్ విండోస్‌లో తెరుచుకోదు.

లినక్స్‌లో పుట్టీ ఉంది. ఉబుంటు, డెబియన్‌లలో ప్రోగ్రాంలు పెట్టే ఆప్ట్ కమాండ్ ద్వారా ‘పుట్టీ’ అనే ప్యాకేజీని, కీలు తయారుచేసే పనిముట్లు కావాలంటే ‘పుట్టీ-టూల్స్’ ప్యాకేజీని పెట్టుకోవచ్చు. క్రోమ్‌బుక్‌లో లినక్స్ వాతావరణాన్ని ఆన్ చేస్తే అక్కడ కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. మ్యాక్‌కు విండోస్‌లో లాంటి సిద్ధమైన ఇన్‌స్టాలర్‌ను పుట్టీ బృందం ఇవ్వదు. యూనిక్స్ కోసం రాసిన రూపాన్నే హోమ్‌బ్రూ లేదా మ్యాక్‌పోర్ట్స్ అనే ఇన్‌స్టాల్ పనిముట్ల ద్వారా పెట్టుకోవాలి. నా సలహా అడిగితే, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ టెర్మినల్ తెరవగానే ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ సిద్ధంగా ఉంటుంది కనుక పుట్టీ కోసం వెతకడం అనవసరం. అలవాటైన కిటికీయే కావాలనుకునేవారి మాట వేరు.

ఆండ్రాయిడ్, ఐఫోన్‌లకు ఈ బృందం విడుదల చేసిన పుట్టీ ఏదీ లేదు. యాప్ స్టోర్లలో ఆ పేరుతో కనిపించేవి ఇతరులు చేసినవి. వాటికి మీ ప్రైవేట్ కీ అప్పగించే ముందు ఆ మాట గుర్తుంచుకోండి. ఆండ్రాయిడ్‌లో తప్పనిసరైతే టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే ఉచిత ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం పెట్టుకోవడం మేలు.

విండోస్ 10లో 2018 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ కూడా వస్తోంది కదా, ఇంకా పుట్టీ ఎందుకని అడిగేవారున్నారు. ఒకే సర్వర్‌కు అప్పుడప్పుడు వెళ్లేవారికి నిజంగానే అది చాలు. పదుల సంఖ్యలో సర్వర్లను పేర్లతో దాచుకోవాలన్నా, సీరియల్ పోర్ట్ ద్వారా స్విచ్‌తో మాట్లాడాలన్నా పుట్టీ చేతికి సులువు.

1. అసలైన చోటు నుంచే దించుకోండి

సైమన్ టాథమ్ పేజీల చిరునామాలో ‘చియార్క్ డాట్ గ్రీన్‌ఎండ్ డాట్ ఆర్గ్ డాట్ యూకే’ అని ఉంటుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ దొరుకుతుంది. పుట్టీ డాట్ ఆర్గ్ అనే చిరునామా చూడటానికి అసలుదానిలా అనిపించినా అది ఈ బృందానిది కాదు.

హెచ్చరిక: వెతికినప్పుడు పైన ప్రకటనగా వచ్చే లింకు నొక్కకండి. దొంగ సాఫ్ట్‌వేర్ కలిపిన నకిలీ పుట్టీలను అలాంటి ప్రకటనల ద్వారా అంటగట్టిన సంఘటనలు ఉన్నాయి. సర్వర్ల తాళాలు ఉండే ప్రోగ్రాం కనుక దొంగలకు దీని మీద ఆశ ఎక్కువ.

సరిచూసుకోవడం: దించిన ఫైల్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ‘డిజిటల్ సిగ్నేచర్స్’ ట్యాబ్ తెరవండి. సంతకం చేసినవారి పేరు సైమన్ టాథమ్ అని ఉండాలి. ఆ ట్యాబే లేకపోతే, లేదా వేరే పేరుంటే, ఫైల్ నడపకుండా తీసేయండి. ఇన్‌స్టాల్ అయ్యాక పుట్టీ తెరిచి అబౌట్ నొక్కితే వెర్షన్ సంఖ్య, ఏ రకం యంత్రానికి తయారైందో కనిపిస్తాయి.

వెర్షన్ విషయంలో రాజీ పడకండి. 0.68 నుంచి 0.80 వరకు ఉన్న వెర్షన్లలో, ఎన్‌ఐఎస్‌టీ పీ-521 రకం కీతో చేసిన సంతకాలు కొన్ని పదులు చేతికి చిక్కితే ఆ ప్రైవేట్ కీనే లెక్కగట్టగల లోపం ఉండేది. జర్మనీలోని రూర్ యూనివర్సిటీ బోఖుమ్ పరిశోధకులు దాన్ని కనిపెట్టగా, 2024 ఏప్రిల్‌లో వచ్చిన 0.81లో సరిచేశారు. ఆ రకం కీని పాత వెర్షన్‌లో వాడి ఉంటే ప్రోగ్రాంను అప్‌డేట్ చేయడం ఒక్కటే సరిపోదు. ఆ కీని ప్రతి సర్వర్ నుంచీ తీసేసి కొత్తది పెట్టాలి. ఆర్‌ఎస్‌ఏ, ఈడీ25519 కీలకు ఈ బాధ లేదు.

2. పెమ్ ఫైల్‌ను పీపీకేగా మార్చుకోండి

పాస్‌వర్డ్‌తో వెళ్లేవారు ఈ మెట్టు దాటేయవచ్చు. పుట్టీ తన సొంత పద్ధతిలో ఉన్న పీపీకే ఫైల్‌నే ప్రైవేట్ కీగా తీసుకుంటుంది. అమెజాన్ క్లౌడ్‌లో కొత్త కీ తయారుచేసే సమయంలోనే పీపీకే రకాన్ని ఎంచుకునే వీలుంది. అప్పుడు పెమ్ దించుకున్నా కంగారు అవసరం లేదు.

పుట్టీతో పాటే వచ్చే పుట్టీజెన్ తెరిచి లోడ్ నొక్కండి. ఫోల్డర్‌లో మీ ఫైల్ కనిపించదు. ఎందుకంటే ఆ కిటికీ మొదట పీపీకే ఫైళ్లనే చూపిస్తుంది. కుడివైపు కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే పెమ్ ఫైల్ బయటపడుతుంది. దాన్ని లోడ్ చేసి ‘సేవ్ ప్రైవేట్ కీ’ నొక్కి భద్రపరచండి. పాస్‌ఫ్రేజ్ (కీకి పెట్టే పాస్‌వర్డ్) నింపకపోతే, అది లేకుండానే సేవ్ చేయాలా అని అడుగుతుంది. నలుగురు వాడే కంప్యూటర్ అయితే తప్పకుండా పెట్టండి.

పుట్టీ 0.75 నుంచి పీపీకే మూడో రూపంలో సేవ్ అవుతుంది. దాన్ని పాత ఫైల్ బదిలీ ప్రోగ్రాంలు చదవలేకపోవచ్చు. అలాంటప్పుడు పుట్టీజెన్‌లోని కీ మెనూలో, సేవ్ చేసే పారామీటర్ల కింద వెర్షన్ 2 ఎంచుకుని మళ్లీ సేవ్ చేయాలి. పాత ప్రోగ్రాంనే అప్‌డేట్ చేయగలిగితే ఇంకా మంచిది.

కొత్త కీని మీరే తయారుచేస్తున్నట్లయితే ఈడీ25519 రకం ఎంచుకుని, జెనరేట్ నొక్కి, ఖాళీ జాగాలో మౌస్ కదపండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ‘సేవ్ పబ్లిక్ కీ’ నొక్కి వచ్చిన ఫైల్‌ను, ఏ కీలను లోపలికి రానివ్వాలో రాసి ఉండే సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో అతికిస్తారు. అది వేరే రూపంలో, పలు వరుసల్లో ఉంటుంది కనుక సర్వర్‌కు అర్థం కాదు. పుట్టీజెన్ కిటికీ పైభాగంలోని పెట్టెలో ఉన్న పాఠాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా, కిందికి జరిపి మరీ, మొత్తం కాపీ చేసి ఒకే వరుసగా అతికించాలి. మధ్యలో వరుస విరిగినా, చివర నాలుగు అక్షరాలు తెగినా కీ చెల్లదు.

3. వివరాలు నింపి, సెషన్ సేవ్ చేయండి

పుట్టీ తెరవగానే వచ్చే సెషన్ పేజీలో హోస్ట్ నేమ్ దగ్గర చిరునామా, పోర్ట్ దగ్గర 22, కనెక్షన్ రకంగా ఎస్‌ఎస్‌హెచ్ ఉంచండి. తరువాత ఎడమవైపు చెట్టులో కనెక్షన్ కింద డేటా పేజీకి వెళ్లి ‘ఆటో లాగిన్ యూజర్‌నేమ్’ నింపండి. కీ వాడేవారు కనెక్షన్, ఎస్‌ఎస్‌హెచ్, ఆథ్, క్రెడెన్షియల్స్ వరుసలో వెళ్లి పీపీకే ఫైల్‌ను చూపించాలి. పాత వీడియోల్లో, అభ్యాస పత్రాల్లో ఆ పెట్టె ఆథ్ పేజీలోనే కనిపిస్తుంది. 0.78 నుంచి దాన్ని క్రెడెన్షియల్స్ అనే లోపలి పేజీకి మార్చారు. “మా పుట్టీలో బ్రౌజ్ బటనే లేదు” అనేవారికి ఇదే జవాబు.

కనెక్షన్ పేజీలో ‘సెకండ్స్ బిట్వీన్ కీప్అలైవ్స్’ అనేచోట సున్నా ఉంటుంది. దాన్ని 60 చేయండి. కాసేపు ఏమీ టైప్ చేయకుండా వదిలేసినప్పుడు మధ్యలోని రౌటర్లు కనెక్షన్‌ను తెంచేయడం దీనితో చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు నేరుగా ఓపెన్ నొక్కకండి. మళ్లీ పైన సెషన్ పేజీకి వచ్చి, సేవ్డ్ సెషన్స్ కింద ఒక పేరు రాసి సేవ్ నొక్కాలి. పుట్టీ మార్పులను తనంతట తాను దాచుకోదు. కీ, రంగులు, ఫాంటు అన్నీ ఓపికగా సరిచేసుకుని సేవ్ చేయకుండా ఓపెన్ నొక్కితే మరునాటికి ఏదీ మిగలదు. దాచుకున్న సెషన్‌లో తరువాత ఏదైనా మార్చాలంటే ముందు లోడ్, ఆపైన మార్పు, చివర సేవ్ అనే క్రమం పాటించండి.

4. మొదటిసారి వచ్చే హెచ్చరికను చదవండి

ఓపెన్ నొక్కగానే, ఈ సర్వర్ కీ మా దగ్గర లేదంటూ, ఆ కీకి గుర్తుగా ఉండే ఒక వేలిముద్ర (ఫింగర్‌ప్రింట్) వరుసను చూపించే కిటికీ వస్తుంది. మొదటిసారి అది రావడం సహజమే. అక్కడ కనిపించే ఎస్‌హెచ్‌ఏ256 వరుసను సర్వర్ ఇచ్చినవారు చెప్పిన దానితో పోల్చి, సరిపోతే యాక్సెప్ట్ నొక్కండి. క్లౌడ్ సర్వర్ అయితే మొదటిసారి బూట్ అయినప్పటి సిస్టమ్ లాగ్‌లో ఆ వేలిముద్రలు సాధారణంగా దొరుకుతాయి. ఒక్కసారికే కలవాలనుకుంటే ‘కనెక్ట్ వన్స్’ ఉంది.

ఇంతకుముందు కలిసిన సర్వర్‌కే ‘పొటెన్షియల్ సెక్యూరిటీ బ్రీచ్’ అనే పెద్ద హెచ్చరిక వస్తే మాత్రం ఆగండి. సర్వర్‌ను కొత్తగా కట్టి ఉండవచ్చు, లేదా అదే ఐపీ వేరే యంత్రానికి వెళ్లి ఉండవచ్చు. కారణం తెలిశాకే ఒప్పుకోండి. తెలియకపోతే క్యాన్సిల్ చేసి సర్వర్ చూసుకునేవారిని అడగండి.

5. లాగిన్ అయి, సరైన చోటికే వచ్చారో చూసుకోండి

పాస్‌వర్డ్ టైప్ చేస్తుంటే తెర మీద చుక్కలు గానీ నక్షత్రాలు గానీ కనిపించవు, కర్సర్ కూడా కదలదు. కీబోర్డు పాడైందని అనుకోకుండా పూర్తిగా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. పాస్‌వర్డ్‌ను దాచుకునే సౌకర్యాన్ని పుట్టీలో కావాలనే పెట్టలేదు. రోజూ టైప్ చేయడం విసుగనిపిస్తే కీ వాడండి, దాని పాస్‌ఫ్రేజ్‌ను, తెరిచిన కీలను గుర్తుంచుకునే ప్యాజెంట్ ప్రోగ్రాంకు రోజుకొకసారి ఇవ్వండి.

లోపలికి వెళ్లాక ‘హోస్ట్‌నేమ్’, ‘హూఅమై’ అనే రెండు కమాండ్లు నడిపి యంత్రం పేరు, మీ పేరు సరిపోయాయో లేదో చూడండి. పరీక్షల సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో ఫైళ్లు తీసేసినవారు ఈ చిన్న అలవాటు లేకనే చిక్కుల్లో పడతారు. అసలు సర్వర్ల సెషన్లకు తెర వెనుక రంగు వేరుగా పెట్టుకుని సేవ్ చేసుకోవడం కూడా మంచిదే.

కలవకపోతే: ఏ సందేశానికి ఎక్కడ వెతకాలి

“పుట్టీ పనిచేయడం లేదు” అని అడిగితే ఎవరూ సాయం చేయలేరు. కిటికీలో వచ్చిన మాటలు చదివితే సగం దారి దొరికినట్టే. వివరం ఇంకా కావాలంటే పైపట్టీ మీద కుడి క్లిక్ చేసి ‘ఈవెంట్ లాగ్’ తెరవండి. ఎంతవరకు వెళ్లి ఆగిందో వరుసగా ఉంటుంది.

‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ వస్తే సర్వర్ నుంచి జవాబే రాలేదు. ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో తెలియడం కాదు, మనం ఆ వీధికే చేరలేదన్నమాట. అమెజాన్ క్లౌడ్‌లో సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే, ఎలాస్టిక్ ఐపీ (మారని చిరునామా) తీసుకోకపోయి ఉంటే, పబ్లిక్ ఐపీ మారిపోతుంది. సేవ్ చేసిన సెషన్‌లో పాతదే ఉంటుంది. రెండో కారణం సెక్యూరిటీ గ్రూప్, అంటే ఏ చిరునామా నుంచి ఏ పోర్టుకు రానివ్వాలో చెప్పే నియమాల జాబితా. అందులో 22 పోర్టుకు ‘మై ఐపీ’ అని పెట్టినరోజు బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చిన చిరునామా తరువాత మారి ఉంటుంది. నిన్న కలిసినది ఈరోజు కలవకపోవడానికి ఎక్కువగా ఈ రెండే కారణాలు. మూడోది కాలేజీ లేదా ఆఫీసు నెట్‌వర్క్ 22 పోర్టును మూసివేయడం. ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నిస్తే అది తేలిపోతుంది. కాకపోతే హాట్‌స్పాట్‌కు మారితే మీ ఐపీ కూడా మారుతుంది కనుక సెక్యూరిటీ గ్రూప్‌లో ఆ కొత్త చిరునామాను చేర్చాకే ఫలితాన్ని నమ్మండి. విసుగుతో ప్రపంచమంతటికీ పోర్టు తెరిచి మరిచిపోకండి.

‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ దీనికి భిన్నం. చిరునామా దాకా వెళ్లాం, ఆ పోర్టులో వినేవారు లేరు. పోర్టు సంఖ్య తప్పై ఉండవచ్చు, సర్వర్ ఇంకా బూట్ అవుతూ ఉండవచ్చు, లేదా ఎస్‌ఎస్‌హెచ్ సేవ ఆగిపోయి ఉండవచ్చు. మధ్యలోని ఫైర్‌వాల్ కూడా అప్పుడప్పుడు ఇదే జవాబు ఇస్తుంది.

‘అన్‌ఏబుల్ టు యూజ్ కీ ఫైల్’ అంటే పెమ్ ఫైల్‌ను మార్చకుండానే ఇచ్చారు. రెండో మెట్టుకు వెళ్లండి. ‘సర్వర్ రెఫ్యూజ్డ్ అవర్ కీ’ వస్తే ముందు యూజర్‌నేమ్ చూడండి, తరువాతే కీ మీద అనుమానపడండి. రెండూ సరే అయితే సర్వర్‌లో హోమ్ ఫోల్డర్‌ను ఇతరులు మార్చగలిగేలా అనుమతులు ఉన్నాయేమో చూడాలి. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కు 600 అనుమతి సంఖ్యలు ఉండాలి, అంటే యజమాని తప్ప ఇతరులకు ప్రవేశం ఉండకూడదు. ‘నో సపోర్టెడ్ ఆథెంటికేషన్ మెథడ్స్ అవైలబుల్’ అనే మాట పక్కన ‘పబ్లిక్ కీ’ అని కనిపిస్తే ఆ సర్వర్ పాస్‌వర్డ్ తీసుకోదు. మీరు కీ చూపించలేదు, లేదా చూపించిన కీ చెల్లలేదు.

‘కుడ్‌న్ట్ అగ్రీ ఎ కీ ఎక్స్‌చేంజ్ అల్గారిథమ్’ వస్తే రెండు వైపులా తెలిసిన పద్ధతి ఒక్కటి కూడా లేదని అర్థం. ఏళ్ల తరబడి మార్చని పుట్టీతో కొత్త సర్వర్‌కు వెళ్లినప్పుడు ఎక్కువగా వస్తుంది. కొత్త వెర్షన్ పెట్టుకుంటే పోతుంది.

కలిశాక వచ్చే సందేహాలు

తెర బిగుసుకుపోయి ఏం నొక్కినా కదలకపోతే, సేవ్ చేసే అలవాటుతో కంట్రోల్, ఎస్ నొక్కి ఉంటారు. టెర్మినల్‌లో అది ఆపు అనే ఆజ్ఞ. కంట్రోల్, క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. మౌస్‌తో ఎంచుకుంటే చాలు, కాపీ అయిపోతుంది. కుడి క్లిక్ చేస్తే అతుకుతుంది. ఈ కుడి క్లిక్ ప్రమాదకరం కూడా, ఎందుకంటే క్లిప్‌బోర్డులో ఉన్న పలు వరుసలు ఒక్కసారిగా కమాండ్లుగా నడిచిపోవచ్చు. ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి చూసుకోండి. కిటికీ మూస్తే అందులో నడుస్తున్న పని సాధారణంగా ఆగిపోతుంది. గంటల తరబడి సాగే పనిని, కనెక్షన్ తెగినా పనిని నడుపుతూ ఉంచే టీమక్స్ ప్రోగ్రాం లోపల సర్వర్‌లో మొదలుపెట్టాలి.

తెలుగు ఫైల్ పేర్లు విరిగి కనిపిస్తున్నాయని మనవాళ్లు తరచూ అడుగుతారు. విండో కింద ట్రాన్స్‌లేషన్ పేజీలో యూటీఎఫ్-8 ఉండాలి, తెలుగు అక్షరాలున్న ఫాంటు దొరకాలి. రెండూ ఉన్నా పుట్టీ అక్షరాలను గళ్లలో పేరుస్తుంది కనుక ‘క్ష్మి’ లాంటి చోట ఒత్తులు, గుడులు పక్కకు జరిగి లేదా ఒకదాని మీద ఒకటి పడి కనిపించవచ్చు. ఫైల్ పాడైందో లేదో తెలుసుకోవడానికి ఆ వరుసను ఎంచుకుని నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అక్కడ చక్కగా వస్తే లోపం చూపించడంలోనే ఉంది, సమాచారం క్షేమం.

సీరియల్ కేబుల్ వాడేవారు డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద కామ్ సంఖ్య చూసి, కనెక్షన్ రకంగా సీరియల్ ఎంచుకుని అదే సంఖ్యను రాయాలి. సిస్కో పరికరాలకు సాధారణంగా వేగం 9600. ఫ్లో కంట్రోల్‌ను పుట్టీలో ముందే ఉన్న ఎక్స్ఆన్/ఎక్స్ఆఫ్ నుంచి ‘నన్’కు మార్చండి. నల్లటి ఖాళీ తెర వస్తే ఒకసారి ఎంటర్ నొక్కి చూడండి. పిచ్చి అక్షరాలు వస్తే వేగం సరిపోలేదు.

6. వేరే కంప్యూటర్‌కు మారేటప్పుడు

పుట్టీని పెన్‌డ్రైవ్ నుంచి నడిపినా విండోస్‌లో దాని సెషన్లు పెన్‌డ్రైవ్‌లోకి రావు. అవి విండోస్ రిజిస్ట్రీలో, మీ ఖాతా కింద, సాఫ్ట్‌వేర్, సైమన్‌టాథమ్, పుట్టీ అనే చోట ఉంటాయి. రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఆ కొమ్మ మీద కుడి క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక ఫైల్ వస్తుంది. కొత్త కంప్యూటర్‌లో దాన్ని రెండుసార్లు క్లిక్ చేస్తే సెషన్లు, సర్వర్ల వేలిముద్రలు వచ్చేస్తాయి. పీపీకే ఫైళ్లు అందులో ఉండవు. వాటిని విడిగా తీసుకెళ్లి, ఫోల్డర్ దారి మారితే క్రెడెన్షియల్స్ పేజీలో మళ్లీ చూపించి సేవ్ చేయాలి. లినక్స్‌లో ఇవన్నీ హోమ్ ఫోల్డర్‌లోని డాట్ పుట్టీ అనే దాపు ఫోల్డర్‌లో ఉంటాయి. ఇతరులకు అప్పగిస్తున్న పాత కంప్యూటర్ అయితే పుట్టీని ‘మైనస్ క్లీనప్’ ఆప్షన్‌తో ఒకసారి నడిపి, ఆ జాబితా పోయిందో లేదో పుట్టీ తెరిచి చూసుకుని, పీపీకే ఫైళ్లను కూడా తీసేశాకే ఇవ్వండి.